చెల్లని ప్రాంతం

మా ఆఫీసు ఏ మండలంలో ఉందో చెప్పను. సుల్తానాబాద్‌కూ కరీంనగర్‌కూ మధ్య ఎక్కడో ఉందనుకోండి, చాలు. పేరు చెప్తే అప్పటివాళ్లు ఒకరిద్దరు ఇప్పటికీ నా మీద ఒంటికాలిపై లేస్తారు. వాళ్లకు భయపడి కాదు, వాళ్లతో మాట్లాడే ఓపిక లేక చెప్పడం లేదు.

నా పేరు నర్మద. అక్కడి ఎమ్మార్వో ఆఫీసులో టైపిస్టును. 1992 మే నెలలో జిల్లాకు ప్రయోగం కింద మూడు కంప్యూటర్లు వచ్చాయి. ఒకటి మాకిచ్చారు. మాకే ఎందుకిచ్చారో చాలామంది చాలా చెప్పారు గానీ, అసలు కారణం మా ఆఫీసులో ఒక గది తలుపుకు గొళ్లెం సరిగ్గా పడడమే. ఆ గదిలోని పాత రికార్డు మూటలన్నీ వరండాలోకి తోసేసి, సున్నం కొట్టించి, కిటికీకి పరదా కట్టి, మధ్యలో దాన్ని కూర్చోబెట్టారు. చెప్పులు బయట విడిచి రావాలి. అటెండర్ కొమురెల్లి పొద్దున తలుపు తీయగానే దానికి దండం పెట్టుకునేవాడు. ఎందుకు కొమురెల్లీ అని అడిగితే, "పెద్ద సార్లే దానికి భయపడుతుండ్రు మేడం, నేను దండం పెడితే నాదేం పోయింది?" అన్నాడు.

దాంట్లో ప్రోగ్రాం హైదరాబాద్ కంపెనీ ఒకటి రాసింది. ఆ కంపెనీ నుంచి రామచంద్రం అని ముప్పై ఏళ్లాయన వచ్చి రెండు రోజులు నాకు నేర్పాడు. సొంతూరు జమ్మికుంట. "ఇది తెలుగుల మాట్లాడుతది మేడం. తప్పు జరిగితే తెలుగులనే చెప్తది" అని మీసం మీద చెయ్యేసి చెప్పాడు. తప్పు జరిగిందని చెప్తుంది, నిజమే. ఆ తప్పు ఎవరిది, ఏం చేస్తే పోతుంది అన్నది మాత్రం చెప్పదని అప్పుడు నాకు తెలియదు.

పని ఒక్కటే, నివాస ధ్రువపత్రాలు. దరఖాస్తులో ఉన్న పేరు, తండ్రి పేరు, ఊరు, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు అన్నవి కొట్టి మీట నొక్కితే, పక్కన ప్రింటర్ కరకరమంటూ కాగితం కక్కుతుంది. ఎమ్మార్వో సారు సంతకం పెడతాడు. జూన్ ఒకటి నుంచి చేత్తో రాసిన ధ్రువపత్రాలు పనికిరావని పైనుంచి సర్క్యులర్ కూడా వచ్చింది. రెండు వారాలు పని హాయిగా నడిచింది. హాయిగా నడవడం మా సూపరింటెండెంటుకు నచ్చలేదు.

సూపరింటెండెంటు దయాకర్‌రావు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కాకపోతే ఆయనకు కొన్ని నియమాలున్నాయి. తిప్పి పంపే ప్రతి కాగితం మీద ఎర్ర సిరాతో కారణం రాయాలి. ఆ కారణం పైవాళ్లు అన్న మాటల్లోనే, ఒక్క అక్షరం మారకుండా ఉండాలి. అది ఎప్పుడూ మా ఆఫీసు తప్పు కాకూడదు. మొదటి రెండూ రూల్సు పుస్తకంలో ఉన్నాయి. మూడోది ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన సొంతంగా కనిపెట్టుకున్నది.

జూన్ పన్నెండు, శుక్రవారం సాయంత్రం ఆయన చేతిలో ఒక సర్క్యులర్ పట్టుకుని, చెప్పులు విడిచి, మెషీన్ గదిలోకి వచ్చాడు. అన్ని రికార్డుల్లో గడులన్నీ పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా నింపాలని ఆ సర్క్యులర్. రిజిస్టర్లన్నీ చూశాడట, ఇక మెషీన్ మిగిలింది. దాని లోపలి గడులు చూపించమన్నాడు. రామచంద్రం ఒకసారి తెరిచి, "దీని జోలికి మాత్రం పోకున్రి మేడం" అని చెప్పి మూసిన పేజీ ఒకటుంది. అది తెరిచాను. అందులో 'ప్రాంతం' అని రాసి, ఎదురుగా 091 అని ఉంది.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ప్రాంతం దగ్గర నంబరేంది నర్మదమ్మా? మనమేమన్న జైలుల ఉన్నమా?"

"కంపెనీ సారు పెట్టిండు సార్. ముట్టొద్దన్నడు."

"కంపెనోనికి రెవెన్యూ గురించి ఏం ఎరుక? ప్రాంతం అంటే మండలం, పాత తాలూకా, జిల్లా. మొత్తం రాయాలె. కొట్టు."

కొట్టాను. పాత సుల్తానాబాద్ తాలూకా, కరీంనగర్ జిల్లా అని కొడుతుంటే గడిలో చోటు చాలక 'కరీంన' దగ్గర ఆగిపోయింది. మెషీన్ కిక్కురుమనలేదు. మంచిదన్నట్టు మింగి ఊరుకుంది. అప్పుడే ఒక్క మాట, ఇక్కడ నంబరు ఉండాలి అని అని ఉంటే ఈ కథే లేదు. దయాకర్‌రావు రిజిస్టరు తెప్పించి, 'ప్రాంతం గడి పూర్తి చేయడమైనది' అని రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి తృప్తిగా ఇంటికి పోయాడు. ఆయన చెప్పాడు, నిజమే. వేళ్లు మాత్రం నావి.

సోమవారం మొదటి దరఖాస్తు పోశవ్వది. బీడీలు చుట్టే ముసలామె, ఏదో పింఛను కోసం ఇల్లు ఇక్కడేనని కాగితం కావాలి. వివరాలన్నీ కొట్టి మీట నొక్కాను. ప్రింటర్ కదల్లేదు. తెర మీద ఒక లైను వచ్చింది.

'చెల్లని ప్రాంతం. పని నిలిపివేయడమైనది.'

మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. అబద్ధమెందుకు, నేనూ నమ్మాను. అంతకుముందు క్షణమే ఆమె ఊరు కొట్టాను కదా, ఆ ఊరే ఏదో తేడా అనుకున్నాను. పోయి దయాకర్‌రావుకు చెప్పాను. వచ్చి చూశాడు. మెషీన్‌ను కలెక్టరు గారు రిబ్బను కోసి ప్రారంభించారు కాబట్టి ఆయన దృష్టిలో అది పైవాళ్ల కిందే లెక్క. ఎర్ర పెన్ను తీసి, పోశవ్వ దరఖాస్తు మీద, ఒక్క అక్షరం మారకుండా, 'చెల్లని ప్రాంతం. తిరస్కరించడమైనది' అని రాశాడు.

పోశవ్వకు చదువు రాదు. కొమురెల్లి చదివి చెప్పాడు. ఆమె ఆ కాగితాన్ని తిరిగి నా ముందు పెట్టింది.

"నేను పుట్టింది గీడనే, లగ్గమైంది గీడనే. మా ముసలాయినను బొంద పెట్టింది గీడనే. ఊరు చెల్లదంటే నేనెటు పోవాలె బిడ్డా?"

రెండో దరఖాస్తూ అంతే. మూడోదీ అంతే. ఆ వారంలో ముప్పై ఏడు కాగితాలు ఎర్రబడ్డాయి. తిట్టినవాళ్లు తిట్టారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు. ఎక్కువ మంది ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయారు. ఆఫీసు కాదంటే కాదనుకునే అలవాటు మా దగ్గర బాగా పాతది.

ఒక్క విద్యాసాగర్‌రావుకు మాత్రం ఆ అలవాటు లేదు. వంద ఎకరాల ఆసామి. పెట్రోలు బంకు కోసం ధ్రువపత్రం కావాలని వచ్చాడు. ఆయన ఉండే ఊరికి వాళ్ల తాత పేరే పెట్టుకున్నారు. ఆ ఊరు చెల్లదని చదివేసరికి వరండా దద్దరిల్లింది.

"ఏమయ్యా దయాకర్, మా తాత పేరు చెల్లదా? మీ కలెక్టర్‌కు ఫోన్ చేయ్, మాట్లాడుత!"

పావుగంటలో ధ్రువపత్రం తయారైంది. చేత్తో రాసింది. మెషీన్ పనిలోకి దిగక ముందు, మే ఇరవై ఎనిమిదో తారీకు వేసి. ఆ కాగితం చూసి నాకు ఒళ్లు మండింది గానీ పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. మర్నాడు షాహిదా వచ్చాక ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

షాహిదా బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే బాబు మియా కూతురు. ఇంటరు ఫస్టుక్లాసులో పాసైంది. టీచర్ ట్రైనింగ్‌లో సీటు వచ్చింది. శనివారం సాయంత్రం అయిదింటి లోపల కరీంనగర్‌లో సర్టిఫికెట్లన్నీ ఇస్తే సీటు ఖాయం. ఇవ్వకపోతే తర్వాతి వాళ్లకు పోతుంది. అన్నీ ఉన్నాయి, నివాస ధ్రువపత్రం ఒక్కటే తక్కువ. ఆ పిల్ల వచ్చింది మంగళవారం.

"ఫికర్ చేయకు, పది నిమిషాల పని" అన్నాను, అలవాటు కొద్దీ. మీట నొక్కాను. 'చెల్లని ప్రాంతం. పని నిలిపివేయడమైనది.' దయాకర్‌రావు ఎర్ర పెన్ను మూత తీశాడు.

షాహిదా ఆ ఎర్ర అక్షరాలు చదివింది. "మాది గీ ఊరు కాదని రాసిన్రా సార్?" అంది.

"నేను రాయలేదు బిడ్డా. మెషీన్ అన్నది, నేను ఎక్కించిన. నీది గీ ఊరే అని రుజువు తెచ్చుకో, చూద్దాం."

ఇదే మాట విద్యాసాగర్‌రావును అడగలేదు. పోశవ్వనూ అడగలేదు, ఊరికే పంపాడు. షాహిదాను అడిగాడు. ఎందుకడిగాడో ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఆ పిల్లకు మా ఇద్దరికంటే బాగా తెలుసు. ఆ క్షణాన నాకు మా ఆఫీసు అంటే సిగ్గేసింది.

బుధవారం బాబు మియా ఒక రేకు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పాత భూమి రికార్డులన్నీ నైజాం కాలంవి, ఉర్దూలో ఉంటాయి. అవి చదవడం ఆఫీసులో ఒక్కరికీ రాదు. ఎక్కడ పొలం తగాదా వచ్చినా కొమురెల్లి పోయి బాబు మియాను పిలుచుకొస్తాడు. ఆయన గడియారం పని పక్కన పెట్టి వచ్చి, ఫలానా సర్వే నంబరు ఫలానా వాళ్లదని చదివి చెప్తాడు. మేం రాసుకుంటాం. ఒక టీ ఇస్తాం. మండలంలో సగం పొలాలకు ఎవరు యజమానో ఆయన నోటి మాట మీద తేలింది.

బాబు మియా డబ్బాలోంచి తన తాత పేరిట ఉన్న ఇంటి కాగితం తీశాడు. నైజాం ముద్ర, అప్పటి లెక్కలో ఫసలీ సంవత్సరం, అన్నీ ఉన్నాయి. దయాకర్‌రావు తిప్పి తిప్పి చూశాడు.

"ఉర్దూల ఉన్నది. తర్జుమా కావాలె."

"నేను చదువుత సాబ్. ఎప్పుడు నేనే గద చదివేది."

"గదే వచ్చింది చిక్కు. నీ కాయితం నువ్వే చదివితే ఎట్ల చెల్లుతది? వేరే మనిషితోని చదివించాలె."

"మండలంల వేరే మనిషెవరున్నరు సాబ్?"

"లేరు" అన్నాడు దయాకర్‌రావు బాధగా. నిజంగానే బాధ. నియమం కోసం బాధపడడంలో ఆయనను మించినవాడు లేడు. బాబు మియా కాగితం మడిచి డబ్బాలో పెట్టుకున్నాడు. నా వైపు చూసి, "జర చూడు బేటీ, పిల్ల నిన్నటి సంది అన్నం ముడుతలేదు" అని మెల్లగా అనేసి పోయాడు.

ఆయన గడప దాటగానే నేను మెషీన్ ముందు కూర్చున్నాను. ఎవరి ఊరు చెల్లుతుందో చూద్దామని దరఖాస్తుదారు పేరు దగ్గర దయాకర్‌రావు పేరు, ఆయన తండ్రి పేరు, ఇల్లు ఉన్న వాడ కొట్టాను. 'చెల్లని ప్రాంతం.' నాకు నవ్వాగలేదు. పోయి ఆయనను పిలుచుకొచ్చి చూపించాను. మీదే చెల్లట్లేదు సార్, అంటే మెషీన్‌దే తప్పు కదా అని చెప్పాలని నా ఆలోచన.

ఆయన వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి వేశాడు.

"నర్మదమ్మా, గీ ముచ్చట ఎవలకు చెప్పకు. మా బాపు పుట్టింది ఆదిలాబాద్ జిల్లా, ఖానాపూర్ పక్కన. నౌకరీల చేరేటప్పుడు కరీంనగర్ అని రాసిన. ముప్పై ఏండ్ల కింది మాట. గీ మెషీన్‌కు ఎట్ల ఎరుకైంది?"

తల బాదుకోవడం ఒక్కటే తక్కువ. ఆయనను పంపించి, నా పేరు కొట్టాను. చెల్లలేదు. ఎమ్మార్వో సారు పేరు కొట్టాను. చెల్లలేదు. ఆఖరికి కలెక్టరు గారి బంగళా అడ్రసు కొట్టాను. అదీ చెల్లలేదు. ఇక మిగిలింది ఒక్కటే. శుక్రవారం నాడు నేను నా చేతులతో మార్చిన ఆ గడి.

గురువారం పొద్దున ఎస్టీడీ బూత్‌కు పోయి రామచంద్రానికి ఫోన్ చేశాను. మెసేజ్ చదివి వినిపించాను. వెంటనే అన్నాడు.

"అది దరఖాస్తుది కాదు మేడం, మెషీన్‌ది. లోపల ప్రాంతం దగ్గర ఏమున్నది?"

"పాత సుల్తానాబాద్ తాలూకా, కరీంన."

అవతల నవ్వు మొదలైంది. మీటరు నా డబ్బుల మీద తిరుగుతోంది, ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

"మేడం, ప్రాంతం అంటే మీ ఊరు కాదు. తారీకు ఎట్ల రాయాలె, అంకెలు ఎట్ల రాయాలె, ఏ దేశం పద్ధతి పట్టాలె అని మెషీన్‌కు చెప్పే నంబరది. మన దేశానికి 091. మల్ల అదే కొట్టున్రి, అయిపాయె."

"మరి గా ముక్క దాంట్ల ఎందుకు రాయలే?"

"చెల్లని ప్రాంతం అని రాసినం గద. తెలిసినోళ్లకు తెలుస్తది."

"తెలిసినోళ్లకు మెసేజ్ ఎందుకు సార్? తెల్వనోళ్లకే గద!" బూత్‌వాడు తిరిగి చూసేంత గట్టిగా అరిచాను. అప్పటిదాకా ఎర్రబడ్డ కాగితాలన్నిటి గురించి చెప్పాను. పోశవ్వ గురించి, షాహిదా గురించి చెప్పాను. అవతల నవ్వు ఆగిపోయింది.

ఆఫీసుకు పరుగున వచ్చి దయాకర్‌రావుకు చెప్పాను. ఆయన రిజిస్టరు తెరిచి తన సంతకం, ముద్ర చూపించాడు. సంతకమైన ఎంట్రీ దిద్దడం అంటే రికార్డు తారుమారు చేయడమే. పై అధికారి ఆర్డరు కావాలి. పై అధికారి అంటే ఎమ్మార్వో సారు, ఆయన మీటింగుల మీద కరీంనగర్ పోయాడు, సోమవారం దాకా రాడు. అంతదాకా సంతకాలు కూడా దయాకర్‌రావువే. "కంపెనోడు ఫోన్ల చెప్పింది ఆర్డరు కాదు. మెషీన్ చెప్పలే గద" అన్నాడు.

మళ్లీ బూత్‌కు పోయాను.

"నేను చెప్తే వింటలేరు సార్. మెషీన్ చెప్తే వింటరు. మెషీన్‌తోని చెప్పియ్యున్రి. తప్పు ఏడున్నదో చెప్పాలె, ఏం చేయాలెనో చెప్పాలె, మనిషిది తప్పు కాదని చెప్పాలె."

"రెండు లైన్లకంటె పట్టదు మేడం."

"రెండు లైన్లు చాలు. రాసుకోన్రి."

చెప్పాను. ఆయన రాసుకున్నాడు. నా ఇరవై ఏళ్ల సర్వీసులో ఎందరో చెప్పింది నేను టైపు చేశాను, నేను చెప్తే ఒకరు రాసుకోవడం అదే మొదలు.

పాపం, రామచంద్రం మాట నిలబెట్టుకున్నాడు. శనివారం మొదటి బస్సుకు ఫ్లాపీ పట్టుకుని దిగాడు. పది గంటలకు కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు. గడి మాత్రం మార్చలేదు, మా సార్ తన కళ్లతో చూడాలని నేనే ఆపాను. షాహిదా, బాబు మియా వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. షాహిదా వివరాలు కొట్టి మీట నొక్కాను. తెర మీద రెండు లైన్లు వచ్చాయి.

'ఈ మెషీన్‌లో దేశం నంబరు తప్పుగా ఉంది. 091 వేయండి. దరఖాస్తు పెట్టిన మనిషి తప్పు ఏమీ లేదు.'

దయాకర్‌రావు పైకి చదివాడు. రెండోసారి చదివాడు. "మంచిగ రాసిన్రు. సాఫ్‌గ ఉన్నది" అని రామచంద్రాన్ని మెచ్చుకున్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు ఆయన షాహిదా దరఖాస్తు ముందుకు లాక్కుని, పాత రాతను కొట్టేసి, ఎర్ర పెన్నుతో, ఒక్క అక్షరం మారకుండా రాశాడు. 'దరఖాస్తు పెట్టిన మనిషి తప్పు ఏమీ లేదు. తిరస్కరించడమైనది.'

రామచంద్రం నోరు తెరిచి నా వైపు చూశాడు.

"సార్" అన్నాను. "091 వేయండి అని మెషీనే చెప్తుంది గద!"

"వేయండి అన్నది. ఎవలు వేయాలె, ఏ అధికారం కింద వేయాలె అన్నది లేదు."

అక్కడితో నా ఓపిక తీరిపోయింది. ఆయన ముందే ఆ పేజీ తెరిచాను. పాత సుల్తానాబాద్ తాలూకా మొత్తం చెరిపేసి 091 కొట్టాను. షాహిదా వివరాలు మళ్లీ కొట్టి మీట నొక్కాను. ప్రింటర్ కరకరమంది. వారం తర్వాత ఆ చప్పుడు వింటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తలుపు దగ్గర కొమురెల్లి చప్పట్లు కొట్టబోయి, సార్ మొహం చూసి చేతులు వెనక పెట్టుకున్నాడు.

"గిది తారుమారు!" అన్నాడు దయాకర్‌రావు.

"రాసుకోన్రి సార్."

"సంతకం ఎట్ల పెట్టాలె? ఒకసారి తిరస్కరించిన దానికి మల్ల ఇస్తున్నమంటే కారణం రాయాలె. ఏమని రాస్త?" మొహం వెలిగింది. "ఆఁ, ప్రాంతం నేటి నుండి చెల్లుబాటు అయినందున, అని రాద్దాం."

వరండాలోంచి షాహిదా లేచి వచ్చింది. నాలుగు రోజుల నుంచి నోట్లో నాలుక లేనట్టున్న పిల్ల, గడప దగ్గర చెప్పులు విడిచి, నేరుగా ఆయన ముందు నిలబడింది.

"వద్దు సార్. నేటి నుండి అంటే నిన్నటి దాంక నేను ఏడిదాన్ని? గట్ల రాస్తే నాకు కాయితమే వద్దు."

గడియారం పన్నెండు దాటింది. ఆ పిల్ల ఒంటి గంట బస్సు అందుకోవాలి. సీటు పోయినా సరే ఆ మాట మాత్రం రానివ్వదని మొహంలోనే కనిపిస్తోంది. నాకు ఆ పిల్ల మీద ఎంత గౌరవం కలిగిందో అంత భయమూ వేసింది. ఒక తెల్ల కాగితం తీసుకుని టైపు మిషను ముందు కూర్చున్నాను. మూడు వాక్యాలు కొట్టాను. 'పన్నెండో తారీకున మెషీన్‌లో తప్పు నమోదు చేసింది నేను. అందువల్ల దరఖాస్తులు పొరపాటున తిరస్కరించబడ్డాయి. దరఖాస్తుదారులెవరిదీ తప్పు లేదు.' కింద సంతకం పెట్టాను.

దయాకర్‌రావు చదివాడు. తన పేరు ఎక్కడా లేదని గమనించాడు. ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే మళ్లీ ముఖం ముడుచుకున్నాడు.

"గింత సాఫ్‌గ రాస్తే ఎట్ల నర్మదమ్మా? అనివార్య సాంకేతిక కారణాల దృష్ట్యా అని రాయి. గిది చదివినోనికి సమజైతది గద!"

"సమజ్ కావాలనే రాసిన సార్. సంతకం పెట్టున్రి, బస్సు పోతది."

పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు, అది ఆయనను కూడా బతికించే కాగితం. ముద్ర కొమురెల్లి కొట్టాడు. బాబు మియా కూతురిని సైకిలు వెనక ఎక్కించుకుని బస్టాండుకు తొక్కిన వేగం చూస్తే, ఆయనకు యాభై దాటాయంటే ఎవరూ నమ్మరు.

నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఏడాది ఆపారు. ఎర్రబడిన ముప్పై ఏడు మందికీ కబురు పంపాను. సగం మందే వచ్చారు. పోశవ్వ వచ్చి, "ఊరు మల్ల చెల్లుతుందా బిడ్డా?" అని అడిగి, కాగితం తీసుకుని కొంగున కట్టుకుంది. మిగతా సగం మంది ఇళ్లకు ఆదివారాలు నేనే తిరిగాను.

షాహిదా మాత్రం సోమవారం పొద్దున్నే వచ్చింది. సీటు దొరికింది. కాగితాలు తీసుకున్న గుమస్తా నివాస ధ్రువపత్రం చూసి ఏమన్నాడని అడిగాను. మూడు వాక్యాల కోసం ఇంక్రిమెంటు పోగొట్టుకోబోతున్నదాన్ని, ఆ మాత్రం తెలుసుకోవాలనిపించింది.

"ఏమనలే మేడం. చూడనే లేదు. గుంజుకొని, సూది గుచ్చి, కుప్పల పడేసిండు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరూ చదవని ఒక కాగితం కోసం ఆ పిల్ల అయిదు రోజులు అన్నం మానేసింది. ఆ మాటే పైకి అన్నాను.

"నేను చదివిన మేడం" అంది షాహిదా. "బస్సుల కూసున్నంక మూడుసార్లు చదివిన. మాది గీ ఊరే అని రాసి ఉన్నది."